లేసు టోపీకి ఎర్ర బటన్

నువ్వేం ఉద్యోగం చేస్తావని నన్నెవరైనా అడిగితే మా ఆయన నాకంటే ముందు జవాబు చెబుతాడు. "జనం సంతోషంగా ఉన్నారో లేదో తేలుస్తుందండీ" అంటాడు. వచ్చినవాళ్లు నేనేదో యోగా క్లాసులు చెబుతున్నాననుకుని మోకాళ్ల నొప్పుల సంగతి మొదలుపెడతారు. నేను కాఫీ పెట్టే వంకతో లోపలికి పోతాను.

ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. ఫోన్లో సామాన్లు కొన్నవాళ్లు వాటి కింద రాసే రివ్యూలు ఒకదాని వెనక ఒకటి నా లాప్‌టాప్‌లోకి వస్తాయి. కింద మూడు బటన్లు. ఆకుపచ్చది నొక్కితే కొన్న మనిషి సంతోషించినట్టు. ఎర్రది నొక్కితే ఏడ్చినట్టు. బూడిదరంగుది నొక్కితే ఏమనుకోవాలో వాళ్లకే తెలియనట్టు. నేను నొక్కినవన్నీ చూసి ఒక కంప్యూటరు నేర్చుకుంటుందట. రేపటినుంచి ఎవరేం రాసినా ఇది నవ్వు, ఇది ఏడుపు అని దానంతటదే తేల్చేస్తుందట. మనుషులు పక్కనే కూర్చున్నా తేల్చుకోలేని విషయం ఇది. మా ఆయన ముప్ఫై ఏళ్లుగా నా మొహం చూస్తూ ఇప్పటికీ "కోపమా?" అని అడుగుతాడు.

ఈ నరసాపురంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై రెండేళ్లు తెలుగు చెప్పాను. ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "పిల్లలంతా సంస్కృతం తీసుకుంటున్నారండి మేడమ్, మార్కులు బాగా పడతాయని" అన్నారు. ఒక్క శ్లోకం నోటికి రాని పిల్లలకి ఆ మార్కులు ఎలా పడతాయో అడుగుదామనుకున్నాను గానీ, ఆయన అప్పటికే శాలువా తెప్పించేశారు. శాలువా కప్పారు, దండ వేశారు, గోడగడియారం ఒకటి చేతిలో పెట్టారు. అది మూడో నెలలో ఆగిపోయింది. బ్యాటరీ మార్చినా తిరగలేదు. సన్మానంలో ఇచ్చినదానికి రివ్యూ రాసే వీలు లేదు కాబట్టి ఊరుకున్నాను.

అప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి హైదరాబాదునుంచి ఫోన్ చేసి ఈ పని చెప్పింది. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, తెలుగు బాగా వచ్చినవాళ్లు కావాలి అంది. తెలుగు బాగా వచ్చినవాళ్లు కావాలన్న మాట విని ఎన్నాళ్లయిందో! ఎగిరి గంతేశాను. వాళ్లు నలభై పేజీల నిబంధనల పుస్తకం పంపారు. అందులో మొట్టమొదటి నిబంధన ఏమిటంటే, రాసిన మాటలు మాత్రమే చూడాలి, రాసినవారి మనసులో ఏముందో ఊహించకూడదు. ఇరవై రెండేళ్లు నేను పిల్లల్ని సతాయించి మరీ అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఈ మాట వెనక మనసేంటిరా?" అని. సరే, జీతం వాళ్లది, నిబంధన వాళ్లది అనుకుని ఒప్పేసుకున్నాను.

మొదట్లో భలే కాలక్షేపంగా ఉండేది. ఒకాయన కుక్కరు కొని, దాని కింద వాళ్ల అత్తగారు వచ్చి వెళ్లిన వైనమంతా రాశాడు. కుక్కరు ఊసే లేదు. ఒకావిడ "పార్సిలు ఇంకా విప్పలేదు, చాలా బాగుంది" అని రాసి అయిదు స్టార్లు పెట్టింది. ఇంకో మహానుభావుడు "బియ్యం బాగానే ఉన్నాయి, అన్నమే బాలేదు, మా ఆవిడ చేతిలో ఏది పడినా ఇంతే" అని రాశాడు. నేను బూడిదరంగు నొక్కాను. వెంటనే మా సూపర్‌వైజరమ్మాయి వీడియోకాల్లోకి వచ్చింది. ఆ పిల్ల ప్రతి మాటకీ ముందు 'సో' అంటుంది.

"సో మేడమ్, బియ్యం నించే కదండీ అన్నం వచ్చేది. సో అన్నం బాలేదంటే ప్రొడక్ట్ నెగెటివ్ అండి."

అలా ఎవరి ఇల్లాలి వంటకో బియ్యంకొట్టువాడు బలైపోయాడు. నేను ఆ సంగతి సాయంత్రం మా వదినకి చెప్పి పడీపడీ నవ్వాను. అప్పటికి నాకది నవ్వులాటే.

మా వదినంటే మా ఆయనకి అక్క. మా వీధి చివరే ఉంటుంది. తొమ్మిదో ఏట కొక్కెం సూది పట్టింది, ఇప్పుడు అరవై దాటినా దించలేదు. పెళ్లిలో, పేరంటంలో, ఆస్పత్రి బెంచీ మీద, ఆఖరికి మా ఆయన మీద చాడీలు చెబుతున్నప్పుడు కూడా ఆవిడ చేతులు లేసు అల్లుతూనే ఉంటాయి. అల్లినదంతా ఏజెంటు పట్టుకుపోయేవాడు. ఆవిడ అల్లిన బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద ఉందో ఆవిడకి తెలియదు. ఎవరు అల్లారో ఆ బల్లవాళ్లకీ తెలియదు. మధ్యలో ఏజెంటుకి మాత్రం ఇద్దరూ తెలుసు, ఇద్దరికీ తెలియనివ్వకపోవడమే అతని వ్యాపారం.

రెండేళ్ల కిందట మా అమ్మాయి ఆవిడ చేత ఒక యాప్‌లో కొట్టు తెరిపించింది. పెద్ద బల్లగుడ్డలు కాదు, పసిపిల్లల టోపీలూ, బుల్లి గౌన్లూ. పేజీ తెరవగానే పైన మా వదిన ఫోటో. పట్టుచీర కట్టుకుని, పాస్‌పోర్టు ఆఫీసులో కూర్చున్నట్టు కళ్లు పెద్దవి చేసి చూస్తూ ఉంటుంది. కింద 'వీరి చేతి అల్లిక' అని రాసి ఉంటుంది. ఆ ఫోటో ఆవిడ చూపించని మనిషి లేడు. చేపలమ్మే ఆవిడకి చూపించింది. గ్యాసు బండి అతనికి చూపించింది. పన్ను పీకించుకోడానికి వెళ్లి, నోట్లో దూది ఉండగానే డాక్టరుగారికి చూపించింది.

"చాల్లెండి వదినగారూ, ఊరంతా చూసేశారు" అన్నాను ఒకసారి.

"నీకేం తెలుసే? యాభై ఏళ్లు అల్లాను. నా మొహం కింద నా పని ఉండటం ఇదే మొదలు" అంది.

ఇక పసిపిల్లల టోపీలు కొనేదెవరు? అమ్మమ్మలూ నాయనమ్మలే. మన గోదావరి జిల్లాల అమ్మమ్మ పసిపిల్ల మొహంలోకి చూసి "ఎంత ముద్దుగా ఉందో" అనడం మీరెవరైనా విన్నారా? అంటే ఇంకేమైనా ఉందా, దిష్టి తగిలి పిల్ల పాలు కక్కెయ్యదూ! అందుకని "ఛీ, పాడు పిల్ల" అంటుంది. "దీని మొహం చూడవే, కోతిపిల్ల" అంటుంది. ఎంత ముద్దొస్తే అంత తిట్టు. బుగ్గన కాటుక చుక్క పెట్టినట్టే మాటకీ ఓ నల్లచుక్క పెట్టి గానీ బయటికి వదలదు. మా అమ్మ నన్ను పదేళ్లొచ్చేదాకా "ఒసే దెయ్యపు ముండా" అనే పిలిచేది. నేను లోటు లేకుండా పెరిగాను.

ఒకరోజు 'పసిపిల్లల బట్టలు' అనే శీర్షిక కింద నాకొక రివ్యూ వచ్చింది. కొట్టు పేరు గానీ, కొన్నవారి పేరు గానీ, ఫోటో గానీ మాకు చూపించరు. మాటలే కనిపిస్తాయి. "మా మనవరాలికి పెట్టాం. కోతిపిల్లలా ఉంది. పాడు మొహమూ అదీనూ. ఇంకో రెండు పంపండి." అంతే. నేను చదివి ఫక్కున నవ్వి, ఆ పిల్లని చూసినంత సంతోషంగా ఆకుపచ్చ నొక్కాను.

మర్నాడే తాఖీదు వచ్చింది. మాకొక పద్ధతి ఉంది లెండి. ప్రతి రివ్యూనీ ముగ్గురికి పంపుతారు. ముగ్గురూ ఒకేలా నొక్కితే మంచి స్కోరు. ఒకరు వేరుగా నొక్కితే ఆ ఒకరిదే తప్పు. మిగిలిన ఇద్దరూ ఎక్కడివాళ్లో, ఏ ఊళ్లో ఏ గదిలో కూర్చున్నారో తెలియదు గానీ, ఇద్దరూ ఎర్రది నొక్కారు.

నేను ఊరుకోలేదు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. కాల్ చేసి, "ఏమ్మా, ఇంకో రెండు పంపమంటోంది కదా ఆవిడ, బాలేకపోతే ఎవరైనా ఇంకో రెండు అడుగుతారా? దిష్టి తగలకుండా అలా అంటారమ్మా" అన్నాను.

"సో మేడమ్, ఇంకో రెండు పంపండి అనేది రిక్వెస్ట్ అండి, ఫీలింగ్ కాదు. ఫీలింగ్ అంటే కోతి, పాడు. సో దిష్టి అనేది గైడ్‌లైన్స్‌లో లేదండి" అంది ఆ పిల్ల, ఎంతో మర్యాదగా.

"మీ అమ్మమ్మది ఏ ఊరమ్మా?"

"తణుకండి. కానీ దానికి మన గైడ్‌లైన్స్‌కి సంబంధం లేదు కదండీ."

ఇంకో రెండు తాఖీదులొస్తే పని పోతుందని చెప్పి పెట్టేసింది. ఇక్కడ నేను చేసిన పని దాచడానికేం లేదు, చెప్పేస్తాను. ఆ తర్వాత వచ్చిన అమ్మమ్మలందరికీ ఎర్రది నొక్కాను. "బొంతకాకిలా ఉన్నాడు, ఈ టోపీ వీడికెందుకు" అంటే ఎర్రది. "తగలెట్టా, ఈ గౌను వేశాక దీన్ని చంక దించబుద్ధి కావట్లేదు" అంటే ఎర్రది. తెలియక నొక్కినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని అనడానికి లేదు. నాకు తెలుసు. ఆ మాట వెనక ఏ మనసుందో, ఏ చేతులు ఆ బుగ్గ గిల్లి ముద్దు పెట్టుకున్నాయో అన్నీ తెలుసు. తెలిసే నొక్కాను. ఆర్నెల్లలో నా స్కోరు అందరికంటే పైకి పోయింది. ఉత్తమ లేబులర్ అని, అంటే బటన్లు నొక్కడంలో మేటినని, రంగు రంగుల సర్టిఫికెట్ పంపారు. దాన్ని ప్రింటు తీయించి, ఆగిపోయిన గోడగడియారం పక్కన తగిలించాను.

ఓ ఆదివారం మధ్యాహ్నం మా వదిన ఫోను పట్టుకుని వచ్చింది. రెండో చేతిలో సూదీ దారం లేవు.

"చదివి పెట్టవే, ఏంటో ఎర్రగా వచ్చింది" అంది.

యాప్ వాళ్లు పంపిన ఉత్తరం. మీ కస్టమర్లు తీవ్రమైన అసంతృప్తితో ఉన్నారు, పది రోజుల్లో పరిస్థితి మెరుగుపడకపోతే మీ పేజీ మూసివేయబడుతుంది, మీ సంతోషమే మా సంతోషం అని ఉంది. ఆ చివరి ముక్క చదివేసరికి నాకు ఒళ్లు మండింది.

"అసంతృప్తి ఏంటే? ఈ తిట్టిన ఆవిడే నాలుగుసార్లు కొంది. కూతురి పిల్లకి కొంది, కొడుకు పిల్లకి కొంది, ఎదురింటివాళ్ల పిల్లకి కూడా కొంది. చూడు" అని మా వదిన పేజీ కింద రివ్యూలు చూపించింది. ఒక్కొక్కదాని పక్కనా ఓ ఎర్రచుక్క. మొట్టమొదటిదే నా కళ్ల ముందు నిలబడింది. మా మనవరాలికి పెట్టాం. కోతిపిల్లలా ఉంది. పాడు మొహమూ అదీనూ. ఇంకో రెండు పంపండి.

మాకు మాటలే చూపించేవారని చెప్పాను కదా. ఇక్కడ ఫోటో కూడా ఉంది. మూడు నెలల పిల్ల, బోసినవ్వు, నెత్తిన మా వదిన అల్లిన తెల్లటి టోపీ. నిజంగా ఎంత బాగుందో! నేను ఫోను తిరిగిచ్చేసి, మంచినీళ్లు తాగుతానని లోపలికి పోయాను. ఆ ఎర్రచుక్కల్లో నా చెయ్యి ఉందని నోరు విప్పి చెప్పలేదు.

చెప్పలేదు గానీ, కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మా వదిన ప్రతి పార్సిల్లోనూ ఓ చీటీ మీద తన ఫోను నంబరు రాసి పెట్టేది. యాప్ నిబంధనలకి అది విరుద్ధం. ఆ విరుద్ధమే మాకు దిక్కయింది, కొందరు నేరుగా ఫోన్ చేసి మాట్లాడేవారు. ఆ నంబర్లకి నేనే చేశాను. "అమ్మా, టోపీ బాగుంది, పిల్లకి బాగా నప్పింది అని ఓ రెండు ముక్కలు రాసి పెట్టండమ్మా" అని బతిమాలాను. ఇద్దరు ముగ్గురు కోడళ్లు రాశారు. పాలకొల్లునుంచి ఒక నాయనమ్మగారు మాత్రం నాకు తలంటేసింది.

"బుద్ధుందా నీకు? పసిపిల్లని పట్టుకుని బాగుందీ, ముద్దుగా ఉందీ అని లోకమంతా కనపడేలా రాయమంటావా? నీకు పిల్లల్లేరా?"

"ఉన్నారండి."

"ఉండీ ఇలా అడుగుతున్నావా! ఆ అల్లినావిడ చేతులు బంగారం. ఆ మాట ఆవిడకి ఫోన్లో చెబుతాను, చెప్పాను కూడాను. రాయమంటే మాత్రం కోతిపిల్లనే రాస్తాను." అన్నట్టుగానే ఆ సాయంత్రం ఇంకోటి రాసింది. ఈసారి కోతితో పాటు గుడ్లగూబ కూడా చేరింది. ఎర్రచుక్క క్షణంలో పడింది. యంత్రం నా దగ్గర బాగానే చదువుకుంది.

యాప్ వాళ్లకి ఫోన్ చేస్తే గొంతు పలుకుతుంది గానీ మనిషి పలకడు. ఎనిమిదో రోజున ఇంక లాభం లేదని మా సూపర్‌వైజరమ్మాయికే వీడియోకాల్ చేశాను. మా వదిన నా పక్కనే, కెమెరాకి కనపడకుండా కూర్చుని అల్లుకుంటోంది. ఈ యాప్ వాళ్లు మీకు తెలుసా అమ్మా అని అడిగాను.

"సో మేడమ్, వాళ్లు మన క్లయింటేనండి. మీరు ట్రైన్ చేసిన మోడలే వాళ్లు వాడేది" అంది సంబరంగా.

"అయితే అది తప్పు చెబుతోందమ్మా. ఈ అమ్మమ్మలు తిట్టడం లేదు. ఇక్కడో మనిషి కొట్టు మూతపడిపోతోంది."

ఆ పిల్ల ఏవో టకటకా నొక్కి చూసింది. "లేదండి, తప్పేం లేదండి. పసిపిల్లల బట్టల బ్యాచ్‌లో ఆ మొదటిది ఒక్కటి తప్ప లేబుల్స్ అన్నీ మ్యాచయ్యాయి. ముగ్గురూ నెగెటివే ఇచ్చారు. మీరు కూడా నెగెటివే ఇచ్చారు మేడమ్. సో ఆ బ్యాచ్‌లో బెస్ట్ స్కోరు మీదే కదండీ, సర్టిఫికెట్ కూడా ఇచ్చాం."

పక్కన సూది ఆగింది. నేను కాల్ ఎలా పెట్టేశానో నాకు గుర్తు లేదు. మా వదిన తల ఎత్తి గోడ మీద గడియారం పక్కనున్న సర్టిఫికెట్ కాసేపు చూసింది.

"అంటే, ఇవి ఎర్రవి అని దానికి చెప్పింది నువ్వా?"

"అవునండి."

"తెలియకా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. తెలియక అంటే ఆవిడ నమ్మేసేది కూడాను. "తెలిసేనండి. పని పోతుందని" అన్నాను.

తిట్టలేదు. ఆవిడ మొదలుపెట్టిన వరస పూర్తి చేసింది, దారం ఉండకి చుట్టుకుంది, సూది గుచ్చింది, లేచి వెళ్లిపోయింది. నా ముప్ఫై ఏళ్ల కాపురంలో మా వదిన నన్ను తిట్టకుండా మా ఇంటినుంచి వెళ్లడం అదే మొదలు. వీధిలోకి వెళ్లేదాకా చూస్తూ నిలబడ్డాను, వెనక్కి తిరిగి నాలుగు దులిపేస్తే బాగుండునని.

రెండు రోజుల తర్వాత పేజీ మూశారు. ఫోటో పోయింది. దాని చోట 'ఈ విక్రేత అందుబాటులో లేరు' అని ఉండేది. మా వదిన వీధి చివరి ఇంట్లో, అరుగు మీద, పొద్దున్నుంచి సాయంత్రందాకా అందరికీ అందుబాటులోనే కూర్చుని ఉండేది. ఆ వారంలోనే పాత ఏజెంటు స్కూటరు మీద దిగాడు. టోపీలు తనే తీసుకుంటానన్నాడు, వాటికి తన కంపెనీ చీటీ కుట్టుకుంటానన్నాడు. ఆవిడ సరే అంది.

నేను మర్నాటినుంచి అమ్మమ్మలందరికీ ఆకుపచ్చ నొక్కడం మొదలుపెట్టాను. కోతికి పచ్చ, కాకికి పచ్చ, గుడ్లగూబకి పచ్చ. మూడో వారానికి మెయిలు వచ్చింది. మీ విలువైన సేవలకి ధన్యవాదాలు, ఇకనుంచి మీ అవసరం లేదు అని, కింద ఓ నవ్వే బొమ్మ. పెద్ద వీరత్వం చేశానని చెప్పుకోను. అప్పటికి యంత్రం చదువు పూర్తయిపోయింది, నేను నొక్కినా మానినా ఒకటే. సర్టిఫికెట్ మాత్రం గోడ మీదనుంచి తీసేశాను. మేకు అలాగే ఉంది. మా ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్లకి నా ఉద్యోగం గురించి అలాగే చెబుతాడు, నేను దిద్దడం మానేశాను.

మొన్న మా అమ్మాయికి పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజున మా ఇంట్లోనే బారసాల చేశాం. మా వదిన రాదేమోనని భయపడ్డాను. అమ్మాయికి మేనత్త, రాకుండా ఎలా ఉంటుంది, అందరికంటే ముందు వచ్చింది. సంచిలోంచి ఓ టోపీ తీసి పాప నెత్తిన పెట్టింది. అంచున చిన్న చిన్న నందివర్ధనం పూలు అల్లింది. ఏజెంటు చీటీ లేదు. ఆ టోపీలో ఆ పిల్లని చూసేసరికి నాకు కడుపు నిండిపోయింది. ఉయ్యాల చుట్టూ పేరంటాళ్లంతా నిలబడి, అమ్మమ్మ ఏమంటుందా అని నా వైపు చూశారు. నోరు ఊరుకోదుగా.

"ఛీ, పాడు మొహం. కోతిపిల్లలా ఉంది" అన్నాను.

మా వదిన వంగి టోపీ నాడా ముడి వేస్తోంది. నా వైపు చూడకుండానే, "నొక్కమ్మా, నొక్కు. ఎర్రది" అంది.

ఏ సంగతీ తెలియని పేరంటాళ్లు నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతూ నిలబడ్డాను.